లాభం అన్న మాట

కిలంబా రేవు, తూర్పు ఆఫ్రికా
8 ఆగస్టు 1986

అక్క ఆదెమ్మకు తమ్ముడు చిన్నప్ప వందనాలు.

ఈ ఉత్తరం నీ స్కూలు చిరునామాకు రాస్తున్నాను. ఇంటికి రాస్తే నీకంటే ముందు నీ మరదలు ఎస్తేరు విప్పుతుంది. దానికి వేరే కార్డు ముక్క రాశాను, వేళకు తింటున్నాను, ఇక్కడి ఎండలు మన పల్నాటి ఎండల ముందు దిగదుడుపే అని. నీకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్కా, నాకిక్కడ భయంగా ఉంది.

పులుల భయం అనుకునేవు. ఈ దేశంలో పులులే లేవట. ఆ భయమేదో మాచర్ల దాటి అడవిలోకి పోయేవాళ్లకే. నా భయమంతా పని దగ్గర. విశాఖ రేవులో తొమ్మిదేళ్లు చేసిన పనే ఇక్కడా చేస్తున్నాను. ఓడ కడుపులో కూలీలు సిమెంటు బస్తాలు పేర్చి చుట్టూ తాడు బిగిస్తారు. పైన వించి దగ్గర జుమా అనే అతను ఉంటాడు. అతను యంత్రం తిప్పితే ఆ బస్తాల మోపు పైకి లేచి ఒడ్డున దిగుతుంది. అతనికి ఓడ లోపల ఏం జరుగుతోందో కనపడదు. అంచున నిలబడి నేను ఎత్తమంటే ఎత్తుతాడు, ఆపమంటే ఆపుతాడు. అతనికి కళ్లు నేనే.

ఇప్పుడీ పనికి తొందర పట్టుకుంది. రేవు బయట పదకొండు ఓడలు లోపలికి రావడానికి చోటు లేక నిలబడి ఉన్నాయి. ఒక్కోటి ఇరవై రోజులుగా ఉంది. ఊరికే నిలబడిన ప్రతిరోజుకూ ఓడకు అద్దె పడుతుంది, ఆ అద్దె సిమెంటు మీద పడుతుంది. లోపలి ఊళ్లకు చేరేసరికి బస్తా ధర రెండింతలట. ఇలాగే ఉంటే ఓడలన్నీ పక్క దేశం రేవుకు పోతాయని మా కంపెనీ హడలిపోతోంది. ఆ లెక్కలు చూడ్డానికి రామబ్రహ్మం గారని మన తెనాలి వైపాయన ఉన్నాడు. మెడలో స్టాప్‌వాచీ వేసుకుని నా పక్కనే నిలబడతాడు. “గంటకు తొమ్మిది టన్నులేందయ్యా చిన్నప్పా! పదిహేను దింపకపోతే మనందరం మూటాముల్లె సర్దుకోవాల్సిందే” అంటాడు.

అందుకని మోపుకు ఇరవై బస్తాలు పెట్టేవాళ్లం, ఇప్పుడు ముప్పై పెడుతున్నాం. కింద తాడు బిగించినవాడు పక్కకు జరిగే లోపే పైకెత్తమంటున్నారు. రోజూ సాయంత్రం మనుషులను లెక్కపెట్టుకుని, అందరూ ఉన్నారని చూసుకున్నాకే గదికి పోతున్నాను. మానేసి వద్దామంటే పాస్‌పోర్టు కంపెనీ ఇనప్పెట్టెలో ఉంది.

ఒక్క నవ్వులాట మాత్రం చెబుతాను. వచ్చిన కొత్తలో మొదటి మోపు లేవగానే, నాయన కళ్లంలో ధాన్యం కొలుస్తూ మొదటి కుంచానికి అన్నట్టు “లాభం!” అని కేకేశాను. అలవాటు కదా. కూలీలకు ఆ మాట తెగ నచ్చింది. ఎత్తు అనడానికి వాళ్ల భాషలో “ఇనువా” అనాలి. ఇప్పుడు ఇనువా పోయి లాభం వచ్చింది. సిమెంటు దుమ్ములో నా చెయ్యి జుమాకు కనపడదు, నేను లాభం అని అరిస్తే చాలు, వించి లేస్తుంది. నాయన ఉంటే ఎంత మురిసిపోయేవాడో.

నీ తమ్ముడు
చిన్నప్ప


నకరికల్లు
30 ఆగస్టు 1986

ఒరేయ్ చిన్నప్పా,

నీ ఉత్తరం చూసి గుండె గుప్పెట్లో పెట్టుకుని కూర్చున్నాను. భయం వేస్తే భయమని రాశావు, సంతోషం. మీ బావ సుందరరావు అయితే చిలకలూరిపేట మిల్లు నుంచి వారానికోసారి వచ్చి “బానే ఉన్నా” అనే రెండు ముక్కలు తప్ప నోరు విప్పడు.

కాలవకు నీళ్లొదిలారు. ఎస్తేరు మిరపనారు పోయించింది. నీ కూతుళ్లిద్దరూ నా దగ్గరే చదువుకుంటున్నారు, పెద్దదానికి ఎక్కాలు రావు, దానికి నీ పోలికే. మండలం ఆఫీసు పెట్టాక మన ఊళ్లో జీపులు తిరుగుతున్నాయి గానీ చిత్రంగా దుమ్ము తప్ప ఏమీ పెరగలేదు.

ఇక నీ నవ్వులాట. నాకు నవ్వు రాలేదురా. నాయన మొదటి కుంచానికి ఒక్కదానికే లాభం అనేవాడు. రెండోదానికి రెండు అనేవాడు. ఏడోదానికి ఏడుపు మాట నోట రాకూడదని ఆరున్నొక్కటి అనేవాడు. కొలత దగ్గర మాటకు అంత జాగ్రత్త. నువ్వేమో ప్రతి మోపుకూ లాభం, లాభం అంటున్నావు. శకునాల సంగతి పక్కన పెట్టు, పాస్టరు గారు వింటే నన్నే తిడతాడు. కానీ ఎత్తు అనే మాట ఎత్తు అనే ఉండాలి. రోజుకు పదిసార్లు మామూలుగా మాట్లాడుకునే మాట దానికి పెట్టుకుంటే ఎట్లా?

లెక్కలాయన స్టాప్‌వాచీ వంక చూడకు. తాడు బిగించినవాడు పక్కకు జరిగాడా లేదా, అదొక్కటే చూడు. పదిహేను టన్నులు కాకపోతే కంపెనీ మునుగుతుంది, మునగనీ.

అక్క
ఆదెమ్మ


కిలంబా రేవు
26 సెప్టెంబరు 1986

అక్కకు వందనాలు. నేను క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను.

పదిహేడో తారీకున ఇక్కడ ప్రమాదం జరిగింది. హమీసి అనే కూలీ చనిపోయాడు. అతను కింద తాడు సర్దుతుండగా వించి లేచింది. నాకేమీ కాలేదు. జుమాను పోలీసులు తీసుకుపోయారు. నేను ఎత్తమని చెయ్యి ఊపలేదు. ఇనువా అని కూడా అనలేదు. కంపెనీవాళ్లు అదే కాగితం మీద రాసి తెస్తే సంతకం పెట్టాను. అది నిజమే. అప్పుడు నేను రామబ్రహ్మం గారితో ఖర్చుల సంగతి మాట్లాడుతున్నాను. కాగితంలో రాసింది నిజమే.

కంపెనీవాళ్లు నన్ను బాగా చూస్తున్నారు. గది మార్చారు. ఫ్యాను ఉంది.

నీ ఉత్తరం ప్రమాదం జరిగిన మర్నాడు అందింది. ఎస్తేరుకు ఇవేమీ చెప్పవద్దు.

చిన్నప్ప


నకరికల్లు
16 అక్టోబరు 1986

తమ్ముడూ,

పద్దెనిమిదేళ్లుగా పంతులమ్మగా పిల్లల అబద్ధాలు దిద్దుతున్నాను. తప్పు చేయనివాడు ఏం జరిగిందో చెబుతాడు. చేసినవాడు ఏం చేయలేదో చెబుతాడు. నీ ఉత్తరమంతా నువ్వు చేయనివే ఉన్నాయి. నిజమే, నిజమే అని రెండుసార్లు రాశావు. ఆ చచ్చిపోయినవాడికి పెళ్లాం ఉందా, బిడ్డలున్నారా, ఒక్క ముక్క లేదు. పైగా ఫ్యాను ఉందట. ఎవరడిగారు నీ ఫ్యాను సంగతి?

చెయ్యి ఊపలేదు, సరే. ఇనువా అనలేదు, అదీ సరే. మరి ఏ మాట అన్నావురా? ఆయనతో ఖర్చుల సంగతి మాట్లాడుతున్నానన్నావు. ఖర్చులు మాట్లాడే మనిషి నోటికి ఆ వెంటనే వచ్చే మాట ఏమిటో నాకు తెలియదా? ఈ ముక్క తోచాక క్లాసులో బోర్డు మీద లెక్క వేస్తూ, కొన్న వెల, అమ్మిన వెల రాసి, మూడో మాట రాయలేక చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయాను.

కాదని రాయి. నేను అనుకున్నది తప్పని, అక్కా నీకు పిచ్చి పట్టిందని రాయి. తిట్టినా ఫరవాలేదు.

ఆదెమ్మ


కిలంబా రేవు
5 నవంబరు 1986

అక్కా,

నీకు పిచ్చి పట్టలేదు.

ఆ రోజు మధ్యాహ్నం రామబ్రహ్మం గారు వచ్చి మోపుకు ముప్పై కాదు, ముప్పై ఐదు బస్తాలు పెట్టించమన్నాడు. నాకు ఒళ్లు మండింది. వించీల రొదలో మామూలుగా మాట్లాడితే వినపడదు, అరవాలి. అప్పటికే హమీసి కింద తాడు సర్దుతున్నాడు. నేను వీపు అటు పెట్టి ఈయన మీద అరిచాను, “ఓడలోళ్లకు మిగులు, కంపెనీకి మిగులు, ఈ చచ్చే మనుషులకేంది లాభం?” అని.

వించి లేచింది.

హమీసి చెయ్యి తాడు లోపలే ఉంది. మోపుతో పాటే పైకొచ్చాడు. నేను వెనక్కి తిరిగి ఆపమని అరిచేసరికి తాడు జారింది. ఇంతకంటే రాయలేను. వాళ్ల తరఫున మాట్లాడుతూనే వాణ్ణి చంపానక్కా. అతనికి భార్య ఉంది. ముగ్గురు పిల్లలు.

ఆ మాట విన్నాకే ఎత్తానని జుమా చెప్పాడు, మేమూ విన్నామని కూలీలందరూ చెప్పారు. అలాంటి ఆజ్ఞ మా రూల్సు పుస్తకంలోనే లేదు, అదసలు మాటే కాదు, తాగి ఎత్తాడని కంపెనీ అంటోంది. జుమా తాగడు. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లం ఇక్కడ ఇద్దరమే, నేనూ రామబ్రహ్మం గారూ. ఆయన నిన్న గదికొచ్చి తలుపు గడియ పెట్టాడు. “నేను నీ చెడు కోరను. నువ్వు నోరు విప్పితే మూడేళ్లు జైలు. ఈ దేశం జైళ్లు నువ్వు చూడలేదు. ముప్పై ఐదు పెట్టమన్నది నేనని నన్నూ లాగుతారు. కాయితంలో అబద్ధం ఒక్కటీ లేదు గదా, నీకేంది బాధ?” అన్నాడు.

ఆదివారం జుమా భార్య వచ్చింది. నన్ను నిలదీస్తుందనుకుని తలుపు వెనక నిలబడ్డాను. ఆమె గుమ్మంలో ఉడికించిన దుంపలు పెట్టి, మీరు జుమాకు స్నేహితులు, మీరు చెబితే జడ్జీ వింటాడు అని చెప్పి వెళ్లిపోయింది. ఆ దుంపలు తినలేదు, పారేయలేదు. బూజు పట్టేదాకా అలాగే ఉన్నాయి.

డిసెంబరు పదిహేనున కోర్టులో నా సాక్ష్యం. నాకు జైలంటే భయం. ఎస్తేరు మొహం తలుచుకుంటే భయం. నోరు మూసుకుని ఇంటికొచ్చి మిగతా బతుకంతా బతకాలన్నా భయమే. చిన్నప్పటి నుంచి ఏది చెయ్యాలన్నా నిన్ను అడిగే చేశాను. చెప్పమంటావా, మానమంటావా? ఒక్క మాట రాయి. నీ జవాబు ఆ తారీకు లోపల అందేట్టు చూడు.

చిన్నప్ప


నరసరావుపేట
25 నవంబరు 1986

ఒరేయ్ నాయనా,

నీ ఉత్తరం నిన్న అందింది. తంతి ఇద్దామంటే పోస్టాఫీసులో నలుగురి నోళ్లలో పడుతుంది. అందుకే స్కూలుకు సెలవు పెట్టి, నరసరావుపేట పెద్ద పోస్టాఫీసుకు వచ్చి ఇక్కడే బల్ల మీద రాస్తున్నాను. ఇక్కడైతే తొందరగా పోతుందన్నారు.

చెప్పకు.

ఇది నేను రాస్తున్నానంటే నాకే నమ్మకం కలగడం లేదు. మిల్లులో మీ బావ చేతి వేళ్లు పోయినప్పుడు, మిషను కవరు ఊడిపోయి ఉందని తెలిసీ పక్కనున్న ఫిట్టరు నోరు మెదపలేదు. పదేళ్లుగా వాణ్ణి తిట్టని రోజు లేదు. వాడి పెళ్లాం పలకరిస్తే మొహం తిప్పుకుని పోయాను. ఇప్పుడు నేను నిన్ను ఆ ఫిట్టరు చేసిన పనే చెయ్యమంటున్నాను.

మూడేళ్లురా! ముక్కూ మొహం తెలియని దేశంలో, నీళ్లడగాలన్నా భాష రానిచోట. నువ్వు చిన్నప్పుడు మశూచి వచ్చి పడుకుంటే అమ్మ నా ఒళ్లో పెట్టి, “వీణ్ణి నువ్వే చూసుకోవాలే” అంది. నేను నీతిమంతురాలినని అనిపించుకోవడానికి నిన్ను అక్కడ చావమని రాయనా? జుమాకు పెళ్లాం ఉంది, తెలుసు. ఆవిడ పెట్టిన దుంపల ముక్క చదివాక ప్రార్థనకు కూర్చుంటే నోట మాట రాలేదు. అయినా చెబుతున్నాను. నువ్వు అబద్ధమాడొద్దు, కాగితంలో ఉన్నదే చెప్పు, అడగనిది చెప్పకు. తర్వాత పాపం ఏదైనా ఉంటే నేను మోస్తాను. దేవుడు అడిగితే మా అక్క చెప్పిందని చెప్పు.

వచ్చెయ్. ఎట్లాగైనా ఇంటికి వచ్చెయ్.

అక్క


కిలంబా రేవు, పోలీసు ఠాణా
17 డిసెంబరు 1986

అక్కకు వందనాలు.

చెప్పేశాను.

నీ కవరు పదిహేనో తారీకు పొద్దున, కోర్టుకు బయలుదేరుతుంటే అందింది. కారు దగ్గర రామబ్రహ్మం గారు నిలబడి ఉన్నాడు. విప్పబోయి ఆగాను. విప్పడం ఎందుకు? నువ్వేం రాసి ఉంటావో నాకు తెలియదా? ఎవరు ఏమనుకున్నా ఉన్నమాట మొహాన అనే మనిషివి. ఒకవేళ విప్పి, అందులో నువ్వు నా కోసం ఏడ్చినట్టు కనపడితే నాకు నోరు పెగలదని భయమేసింది. అలాగే చొక్కా జేబులో పెట్టుకున్నాను.

బైబిలు మీద చెయ్యి పెట్టించారు. కంపెనీ లాయరు, ఎత్తమని మీరు ఆజ్ఞ ఇచ్చారా అని అడిగాడు. లేదు అన్నాను. చాలు, కూర్చోండి అన్నాడు. కాళ్లు కూర్చోబోయాయి. రెండో చెయ్యి జేబు మీద పెట్టుకున్నాను. నీ ఉత్తరం చేతికి తగిలింది. అయ్యా, ఇంకొక మాట ఉంది అన్నాను. ఆ తర్వాత కళ్లం సంగతీ, కుంచం సంగతీ, ఆ మాట నేనే వాళ్లకు నేర్పిన సంగతీ, ఆ రోజు ఎందుకు అరిచానో, ఎన్ని బస్తాలు పెట్టమన్నారో అంతా చెప్పాను. జడ్జీకి అర్థమయ్యేసరికి గంట పట్టింది. నేను లాభం అని చెప్పినప్పుడల్లా వెనక కూర్చున్న కూలీలు ఉలిక్కిపడ్డారు.

జుమాను ఆ సాయంత్రమే వదిలేశారు. నన్ను లోపల వేశారు. వెళ్లేటప్పుడు జుమా నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. తిరిగి భార్య వెంట బయటికి నడిచాడు. హమీసి భార్య మాత్రం నా వైపు చూడలేదు, ఆమె చూడాలని నేను కోరుకోను కూడా. కంపెనీ నన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. మోపుకు ఇరవై బస్తాలే పెట్టాలని రేవులో కాగితం అంటించారట, జుమా భార్య అన్నం తెచ్చినప్పుడు చెప్పింది. అవునక్కా, అన్నం ఆమే తెస్తోంది.

ఫిబ్రవరి తొమ్మిదిన నా తీర్పు. ఏడాది పడొచ్చు, మూడేళ్లూ పడొచ్చు. చీకటి పడితే ఇక్కడ చాలా భయంగా ఉంటుంది, ఊరికే ధైర్యం చెప్పను. నీ ఉత్తరం ఇంకా విప్పలేదు. తీర్పు రోజు పొద్దున చదువుకుంటాను. అప్పటిదాకా నా జేబులోనే ఉంటుంది. నువ్వు పక్కన నిలబడ్డట్టు ఉంది.

ఎస్తేరుకు ఎలా చెప్పాలో నీకే వదిలేస్తున్నాను.

చిన్నప్ప


నకరికల్లు
7 జనవరి 1987

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులైంది. ఈ రెండు రోజుల్లో నాలుగు కాగితాలు రాసి చింపాను. ఆ కవరు విప్పకుండా పొయ్యిలో పారెయ్యమని ఒకదాంట్లో రాశాను. అది పోస్టులో పాడైందనుకో, కొత్తది పంపుతున్నానని ఇంకోదాంట్లో రాశాను. ఎంత తెలివితేటలో చూడు, పంతులమ్మను కదా.

ఎస్తేరుకు నిన్న సాయంత్రం అంతా చెప్పాను. నీ సంగతి చెబితే గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. తర్వాత నేను నీకు రాసిన సంగతి చెప్పాను. అప్పుడు ఏడ్చింది. “ఆయన చేసిన పనికి నేను ఏడవను వదినా. నువ్వు రాసినదానికి ఏడుస్తున్నా. నేను చానా పిరికిదాన్నని ఇద్దరూ దాచారు. నన్నొక్క మాట అడిగితే ఏం పోయింది?” అంది. పొద్దున లేచి మిరప చేలోకి పోయింది. నాతో ఇంకా మాట్లాడటంలేదు. పిల్లలకు మాత్రం, మీ నాన్న రావడానికి ఆలస్యమవుతుంది, తప్పు చేస్తే తప్పు చేశానని చెప్పాడు అని చెప్పింది.

నువ్వు పరాయి దేశంలో, పోలీసుల మధ్య నిలబడి నీ నోటి మాట నీదేనని ఒప్పుకున్నావు. నేను నా ఇంట్లో కూర్చుని నీ ఒక్కడి ముందు ఒప్పుకోలేక రెండు రోజులు కాగితాలు చింపుతూ కూర్చున్నాను. తీర్పు రోజున కోర్టు గుమ్మంలో దాన్ని విప్పుతావని తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి. అందుకని ముందే చెబుతున్నాను. నేను చెప్పొద్దని రాశాను చిన్నప్పా. నీ అక్క అట్లాంటి మాట రాయదని నువ్వనుకున్నావు, ఆ మాటే రాశాను. జుమాను వదిలేసి నువ్వు బయటపడమన్నాను.

నా జవాబు చూడకుండా నువ్వు చేసిన పని ఇదొక్కటే. అదే మంచిదైంది.

ఆ ఉత్తరం చదువు, చదవకపో, నీ ఇష్టం. కోర్టుకు మాత్రం దాన్ని జేబులో పెట్టుకుని పోకు. ఇది పెట్టుకుని పో.

మీ అక్క
ఆదెమ్మ